కీచురాయి లేని మదర్‌బోర్డు

"మేడమ్, మీ ఇంట్లో కీచురాయి ఉన్నట్టుందండీ," అన్నాడు సౌండు ఇంజనీరు ఫోన్లో.

ఆమె నవ్వి ఊరుకోబోయింది. పుస్తకాలు చదివి రికార్డు చెయ్యడం ఆమె వృత్తి. స్టూడియో అంటూ ఏమీ లేదు. పడగ్గదిలో గోడలోకి కట్టిన బట్టల అలమరానే ఆమె స్టూడియో. వేలాడే చొక్కాల మధ్య చిన్న స్టూలు వేసుకుని, తలుపు మూసుకుని, మైకు ముందు కూర్చుంటుంది. బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయి కాబట్టి గొంతు మెత్తగా, ఎవరో పక్కన కూర్చుని చెబుతున్నట్టు వస్తుంది. ప్రస్తుతం చదువుతున్నది పిల్లల నవల. ఇంట్లోవాళ్ళ మీద అలిగి దేశాలు పట్టిపోయిన ఎలుగుబంటి కథ.

"నవ్వకండి మేడమ్. ఎలుగుబంటి అడవిలో కూర్చుని ఏడుస్తుంది చూడండి, అక్కడ వినిపించింది. అడవే కదా, బాగానే అతికిందనుకున్నాను. తర్వాత ఓడెక్కింది. అక్కడా కూస్తోంది. నడిసముద్రంలో కీచురాయేమిటని పిల్లలడిగితే ఏం చెప్పాలి?"

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది. నిజమే. తన గొంతు అడుగున వెంట్రుకంత సన్నగా, ఆగి ఆగి ఒక కూత. చదివేటప్పుడు ఆమెకు ఎలుగుబంటి తప్ప ఇంకేదీ పట్టదు. అందుకే ఇన్నాళ్ళూ గమనించలేదు.

విషయం విన్న అత్తగారు వెంటనే చీపురు అందుకుంది. ఆవిడ బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. ఏ పనైనా వరస కట్టించి చేయించడం అలవాటు.

"అమ్మాయ్, నువ్వు మంచాల కింద చూడు. నేను వంటగది. ముందు మూలలు, తర్వాత మధ్య. గబగబా కానీ."

మంచాలు జరిపారు. పూలకుండీలు ఎత్తారు. బియ్యం డబ్బా వెనక, చెప్పుల స్టాండు కింద, కుట్టుమిషను లోపల వెతికారు. ఒక చెవిపోగూ, రెండు పెన్సిళ్ళూ, ఎప్పుడో పోయిందనుకున్న అలమరా తాళంచెవీ దొరికాయి. కీచురాయి మాత్రం దొరకలేదు.

"అసలు ఉందంటావా? నాకైతే ఏమీ వినిపించట్లేదు," అంది అత్తగారు.

"మీకు వినిపించదు అత్తయ్యా. బతుకంతా విజిలూదారు. ఆ సన్నటి శబ్దాలన్నీ ఎప్పుడో మీ చెవులకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాయి."

"అదీ నిజమేలే," అని అత్తగారు చీపురు మూలన పెట్టేసింది.

ఆ సాయంత్రమే గుట్టు బయటపడింది. హాల్లో భర్త కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. అతను ఇంకా కట్టని భవనాలకు బొమ్మలు వేస్తాడు. పునాదైనా పడని ఆసుపత్రికి గోడలూ కిటికీలూ, కిటికీలోంచి పడే ఎండా అన్నీ కంప్యూటర్లో తయారుచేసి, ఇలా ఉండబోతోందని చూపిస్తాడు. ఆ ఎండ ఎక్కడెక్కడ ఎంత పడాలో కంప్యూటరు లెక్క కట్టుకుంటూ పోవాలి. దానికి గంటలు పడుతుంది. గంటలు తగ్గించడానికి అతను ప్రాసెసర్ని కంపెనీవాళ్ళు చెప్పిన వేగం కన్నా ఎక్కువ వేగంతో పరిగెత్తిస్తాడు. ఓవర్‌క్లాకింగ్ అంటారు దాన్ని. అతనికి అది పనికి పని, సరదాకి సరదా. కొత్త అంకె సాధించిన రోజున రెండు చెవులూ కలిసేటట్టు నవ్వుతూ తిరుగుతాడు.

అతను ఒక మీట నొక్కాడు. లెక్క మొదలైంది. వెంటనే అలమరా పక్కన బట్టలు మడతపెడుతున్న ఆమెకు కీచురాయి వినిపించింది. అతను లెక్క ఆపి, టీ తెచ్చుకుందామని లేచాడు. కీచురాయి ఊరుకుంది. తిరిగొచ్చి మీట నొక్కాడు. కీచురాయి మళ్ళీ ఎత్తుకుంది.

ఆమె మడత చేతిలోనే పెట్టుకుని హాల్లోకి వచ్చింది. బల్ల మీది డ్రాయింగు కాగితాన్ని గొట్టంలా చుట్టి, ఒక కొస చెవికి ఆనించుకుని, రెండో కొస కంప్యూటరు క్యాబినెట్ మీద అక్కడా ఇక్కడా పెట్టి వింది. డాక్టరు రోగి వీపు మీద స్టెతస్కోపు జరుపుతున్నట్టే ఉంది.

"ఏంటది, నా ప్లాను నలిపేస్తున్నావు," అన్నాడు భర్త.

"ష్. ఇక్కడే ఉంది."

"ఏముంది?"

"కీచురాయి. నీ మదర్‌బోర్డులో కాపురం పెట్టింది."

అతను వంగి చెవి పెట్టాడు. ఫ్యాన్ల గాలి తప్ప ఏమీ వినబడలేదు. అత్తగారు కూడా వచ్చి చెవి పెట్టింది. ఆవిడకి ఫ్యాన్లు కూడా వినబడలేదు.

"నీవి పాముచెవులు," అన్నాడు భర్త. "మామూలు మనుషులకి ఇది వినపడదు."

"మైక్రోఫోనుకి వినపడుతోందిగా. ఓడలో ఉన్న ఎలుగుబంటికి కూడా వినపడుతోందట."

"అయితే నీ సవతి గొంతు విప్పిందన్నమాట," అంది అత్తగారు. కొడుకు ఆ కంప్యూటరు ముందు గడిపే సమయం చూసి ఆవిడ దానికి పెట్టిన పేరు అది.

మూడు గదుల ఇల్లు. అలమరా గోడకు ఇవతలే కంప్యూటరు బల్ల. దాన్ని వంటగదిలోకి మారుద్దామంటే అత్తగారు ఒప్పుకోలేదు. ఆవిడ గదిలో పెడదామంటే అక్కడ మంచానికే చోటు చాలదు. సరే, ఓవర్‌క్లాక్ తీసేస్తానన్నాడు భర్త. తీసేశాడు కూడా. కీచురాయి తగ్గింది. దాంతోపాటు అతని మొహంలో కళా తగ్గింది. ఆసుపత్రి వాళ్ళు అడిగిన బొమ్మలు ఆలస్యమయ్యాయి. లెక్క పూర్తయ్యేదాకా అతను గోళ్ళు కొరుకుతూ హాల్లో పచార్లు చేశాడు. ఆమె చూసి చూసి, "నువ్విలా తిరుగుతుంటే ఆ అడుగుల చప్పుడు కూడా రికార్డవుతుంది. వేరే మార్గం చూడు," అంది.

వేరే మార్గం అంటే కొత్త మదర్‌బోర్డు. ఉన్నది పాతది, సాదా రకం. ఇంత వేగాన్ని మొయ్యడానికి పుట్టింది కాదు. అతను ఉత్సాహంగా వెతుకులాటలో పడ్డాడు. అన్నం తింటూ బోర్డులు, పళ్ళు తోముకుంటూ బోర్డులు. చివరికి ఒకటి తేల్చి ఫోన్లో బొమ్మ చూపించాడు. నల్లటి బోర్డు, అంచుల వెంట రంగురంగుల దీపాలు, మీద మందపాటి లోహపు పలకలు.

"అందరూ దీన్నే మెచ్చుకుంటున్నారు. ప్రాసెసర్‌కి కరెంటు అందించడంలో దీన్ని కొట్టేది లేదట."

"చప్పుడు చేస్తుందా?"

"అదెవరూ రాయలేదు."

"అయితే నేనూ వస్తాను. విని కొందాం."

"మదర్‌బోర్డుని ఎవరైనా విని కొంటారా?"

"మామిడిపండుని వాసన చూసి కొనమా?"

అతను ఫోను జేబులో వేసుకుని చెప్పులు తొడుక్కున్నాడు.

కంప్యూటరు సామాన్ల వీధిలో, ఇరుకు మెట్లెక్కి పోతే స్క్రూ బాబాయి దుకాణం. అసలు పేరేమిటో ఎవరికీ గుర్తులేదు. పెదవుల మధ్య ఎప్పుడూ ఒక స్క్రూ పట్టుకుని ఉంటాడు కాబట్టి ఆ పేరు. దుకాణం వెనక వైపు చెక్కబల్ల మీద బోర్డుల్ని విప్పిపెట్టి, కరెంటిచ్చి పరీక్షిస్తాడు. వీళ్ళ కంప్యూటర్లో ఉన్న ప్రాసెసర్ లాంటిదే ఒకటి ఆ బల్ల మీద ఎప్పుడూ ఉంటుంది.

ఆమె వచ్చిన పని చెప్పింది. ఆయన నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. స్క్రూని ఒక పక్కకి జరుపుకుని, "ఎన్నాళ్ళకి వచ్చావమ్మా," అన్నాడు. "నేను మొత్తుకుంటూనే ఉన్నాను, ఇవి పాడతాయని. ఫ్యాన్ల గోలలో ఎవరు వింటారు? రా, చూపిస్తాను."

ఒక బోర్డు తీసి, ప్రాసెసర్ కూర్చునే చోటు చుట్టూ బారులు తీరిన చదరపు దిమ్మల్ని వేలితో చూపించాడు.

"వీటి కడుపులో రాగితీగ చుట్టలుంటాయి. కరెంటుని ముక్కలు ముక్కలుగా కోసి ప్రాసెసర్‌కి వడ్డిస్తుంటాయి. ప్రాసెసర్ ఆకలి పెరిగితే వడ్డన జోరు పెరుగుతుంది. అప్పుడు ఆ చుట్టలు వణుకుతాయి. ఆ వణుకే నీ కీచురాయి. ఓవర్‌క్లాక్ చేస్తే మరి ఆకలి తెలుసుగా, అంతా ఇంతా కాదు."

దుకాణం షట్టరు సగం దించాడు. తలపైన ఫ్యానూ, పక్కన మోగుతున్న రేడియోనూ ఆపేశాడు. ముందు భర్త మెచ్చిన బోర్డుని బల్ల మీద పెట్టారు. దీపాలు వెలిగాయి. దుకాణమంతా నీలంగా, ఊదాగా మారింది. భర్త దాన్ని కళ్ళార్పకుండా చూశాడు.

బాబాయి వేగం పెంచి, లెక్క మొదలుపెట్టాడు. ఆమె ఇంటి నుంచి తెచ్చిన కాగితం గొట్టం చెవికి పెట్టుకుంది. పెట్టుకున్నదే తడవుగా తీసేసింది.

"ఇది నెమలి బాబాయ్. చూడ్డానికి అందమే. గొంతు మాత్రం వినలేం."

బాబాయి స్క్రూ పడిపోకుండా జాగ్రత్తగా నవ్వాడు.

రెండోది చవక రకం. కిమ్మనలేదు. ఆమె సంతోషంగా తలెత్తింది. కానీ కాసేపటికే భర్త ఆ దిమ్మల పక్కన వేలు పెట్టి, చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు. మీద వేడిని లాగే లోహపు పలకే లేదు. తెర మీద అంకె దానంతటదే కిందికి దిగిపోయింది. "మొయ్యలేక చతికిలబడింది," అన్నాడు బాబాయి. "పని చెయ్యట్లేదు కాబట్టే పాడట్లేదు."

మూడోది బూడిదరంగు బోర్డు. దీపాల్లేవు. మీద పెంకుల్లాంటి మందపాటి పలకలు. పెట్టె మీద కూడా ఏ ఆర్భాటమూ లేదు. కంపెనీవాళ్ళు దాన్ని ప్రకటించడం మర్చిపోయినట్టుంది. లెక్క మొదలైంది. ఆమె విని, "ఉంది. సన్నగా ఉంది," అంది.

"ఆగు," అని బాబాయి కంప్యూటర్ని మళ్ళీ మొదలుపెట్టి, బోర్డు సెట్టింగుల్లోకి వెళ్ళాడు. ఆ పేజీని బయోస్ అంటారు, కంప్యూటరు కళ్ళు తెరవగానే ముందు చదువుకునే పాఠం లాంటిది. "ఆ చుట్టలు ఎంత తొందరగా కొట్టుకోవాలో మనమే చెప్పే వీలు ఇందులో ఉంది. కొంచెం పెంచుతాను. కొన్నిసార్లు కూత సద్దుమణుగుతుంది, కొన్నిసార్లు మణగదు. వేడి మాత్రం ఖాయంగా పెరుగుతుంది. అందుకే ఈ పెంకులు."

ఆమె మళ్ళీ వింది. చాలాసేపు వింది. "ఇప్పుడు ఉందా లేదా అన్నట్టుంది," అంది.

"ఇదే తీసుకుందాం," అని భర్త వైపు తిరిగింది.

భర్త నీళ్ళు నమిలాడు. "ఇది నెమలి అంత వేగం ఎక్కదు."

"ఎంత తేడా?"

"కొంచెమే. కానీ ఆ కొంచెం కోసమేగా ఇదంతా. పైగా మన క్యాబినెట్‌కి ఒక పక్కంతా అద్దం. లోపల ఇది కనిపిస్తే బూడిద పోసినట్టుంటుంది."

"రోజూ అద్దంలోంచి చూసుకోవడానికా కొంటున్నాం?"

"నాదీ పనే కదా. నువ్వు కావాలంటే బయట స్టూడియో తీసుకుని చదువుకోవచ్చు. నేను ఆసుపత్రిని ఎత్తుకుని ఎక్కడికి పోను?"

ఆమె గొట్టాన్ని నెమ్మదిగా విప్పి, కాగితం మడతలు సరిచేసి, సంచిలో పెట్టుకుంది. ఆ అలమరాని ఆమె తన చేతులతో సర్దుకుంది. ఏ చొక్కా ఏ కొక్కేనికి ఉంటే గొంతు బాగుంటుందో చూసుకుని చూసుకుని పెట్టుకుంది. అది అతనికి తెలుసు.

స్క్రూ బాబాయి స్క్రూని నోట్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన ఆ పని చెయ్యడం భర్త అంతకుముందు చూడలేదు. "బోర్డులెక్కడికీ పోవు. ఇంటికెళ్ళి తీరిగ్గా మాట్లాడుకుని రండి," అన్నాడు.

బస్సులో ఆమె ముందు సీట్లో కూర్చుంది. అతను వెనక నిలబడ్డాడు. పక్కన సీటు ఖాళీ అయినా కూర్చోలేదు.

ఇంటికి రాగానే అత్తగారు, "ఏది కొన్నారు?" అంది.

"ఏదీ కొనలేదు అత్తయ్యా. మీ అబ్బాయికి దీపాలు కావాలట."

"నేనలా అన్నానా?"

"మరెలా అన్నావు?"

భర్తని అత్తగారి ముందు ఆమె ఎప్పుడూ 'మీరు' అనే అంటుంది. ఇద్దరే ఉన్నప్పుడే నువ్వు. ఇప్పుడు జారింది. అత్తగారు విననట్టు వంటగదిలోకి వెళ్ళి, కడిగిన గిన్నెలనే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

మర్నాడు ఆమె కళ్ళద్దాలు మార్పించుకోవడానికి బయటికి వెళ్ళింది. బొమ్మలు ఇక ఆలస్యం కాకూడదని, ఆమె లేని వేళ చూసి, అతను వేగాన్ని మళ్ళీ పైకి పెట్టి లెక్క మొదలుపెట్టాడు. అది సాగుతుండగా స్నానం చేసి, చొక్కా కోసం అలమరా తెరిచాడు. మైకు మీద చిన్న దీపం వెలుగుతోంది. ఆపడం మర్చిపోయింది కాబోలు. హెడ్‌ఫోన్లు కొక్కేనికి వేలాడుతున్నాయి. చొక్కా తీసుకుని పోదామనుకున్నాడు. పోలేదు. స్టూలు మీద కూర్చుని, తలుపు లాగి, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

ముందు తన ఊపిరే వినిపించింది, ఎవరో పక్కన గురక పెడుతున్నంత పెద్దగా. ఊపిరి బిగబట్టాడు. అమ్మ చెప్పుల చప్పుడు వినిపించింది. పైవాళ్ళింట్లో ఏదో పడిన చప్పుడు. లిఫ్టు ఆగిన చప్పుడు. వాటన్నిటి మీదుగా, సూదితో గీస్తున్నట్టు, కీచుమని ఒక గీత. ఆగింది. మళ్ళీ గీసింది. ఆసుపత్రి కిటికీల్లో ఎండ పడుతోందన్నమాట.

అతను అలాగే కూర్చున్నాడు. ఎదురుగా స్టాండు మీద నవల తెరిచి ఉంది. ఎలుగుబంటి ఒక రేవులో దిగి, తనవాళ్ళు తనని వెతుకుతున్నారో లేదో అనుకుంటున్న చోటు. ఎందుకో అతనికి చదవాలనిపించింది. రికార్డు మీట నొక్కి, గొంతు సవరించుకుని, నాలుగు వాక్యాలు చదివాడు. వెనక్కి తిప్పి విన్నాడు. ఎలుగుబంటి జలుబు చేసిన గుమాస్తాలా మాట్లాడుతోంది. దాని దుఃఖం మీద కీచురాయి గీతలు గీస్తోంది. కూత మొదలయ్యాక ఎలుగుబంటి ఏమందో మనసుకి పట్టలేదు. మళ్ళీ విన్నాడు. మళ్ళీ పట్టలేదు.

ఆమె కొత్త కళ్ళద్దాలతో తిరిగొచ్చేసరికి అతను ఇంకా చొక్కా లేకుండా హాల్లో కూర్చుని ఉన్నాడు. కంప్యూటరు ఆపి ఉంది.

"విన్నాను," అన్నాడు.

"ఏం విన్నావు?"

"నీ కీచురాయిని. అలమరాలో కూర్చుని విన్నాను. నాలుగు వాక్యాలు చదివాను కూడా."

ఆమె సంచి కింద పెట్టింది. "నా ఎలుగుబంటినా?"

"ఆఁ. నా గొంతు ఇంత దరిద్రంగా ఉంటుందని ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వడగలేదుగా."

ఆమె కొత్త కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత అతను నేల చూస్తూ, "స్టూడియో తీసుకోమన్నాను చూడు. ఆ మాట తప్పు," అన్నాడు.

"తప్పే," అంది ఆమె. "చొక్కా వేసుకో. బాబాయి దుకాణం తెరిచే ఉంటాడు."

బూడిదరంగు బోర్డు వచ్చింది. భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి, క్యాబినెట్‌ని పడుకోబెట్టి, పాత బోర్డుని విప్పారు. అత్తగారు టార్చిలైటు పట్టుకుని నిలబడింది. భర్త స్క్రూలు బిగిస్తుంటే, "ఎడమది ముందు, తర్వాత ఎదురుమూల. అలా కాదురా, ఒకదాన్నే బిగించేస్తే రెండోది లేస్తుంది," అంటూ డ్రిల్లు చేయించింది. తీగలన్నీ కలిపి, ప్రాసెసర్ మీద దాని వేడిని లాగే పెద్ద కూలర్ ఎక్కించి, మీట నొక్కేసరికి ఫ్యాన్లు తిరిగాయి. అద్దంలోంచి చూస్తే లోపల నిజంగానే బూడిద పోసినట్టుంది. భర్త ఒకసారి చూసి, క్యాబినెట్ అద్దం వైపుని గోడకి తిప్పేశాడు.

ఇక వేగం పెంచడం. ఒక్కో మెట్టూ పెంచి, లెక్క నడిపి, వేడి చూసి, ఆమె వినడం. మొదటి రెండు మెట్లూ ఏ గొడవా లేకుండా దాటాయి. మూడో మెట్టులో తెర నీలంగా మారి, కంప్యూటరు దానంతటదే ఆగిపోయింది.

"పోయిందా?" అంది అత్తగారు, టార్చి దించకుండా.

"పోలేదమ్మా. తూలింది. కొంచెం ఎక్కువ కరెంటిస్తే నిలబడుతుంది."

ఇచ్చాడు. నిలబడింది. ఆమె గొట్టం పెట్టి విని, ఏమీ లేదంది. భర్త అక్కడితో ఆపబోయాడు.

"అదేంటి, ఆపేస్తున్నావా? ఇంకో మెట్టు చూడు," అంది ఆమె, అత్తగారు పక్కనే ఉన్నా 'మీరు' అనడం మర్చిపోయి.

"చాల్లే."

"ఏం చాలు? ఇందాక రెండో మెట్టు దగ్గర, నా రికార్డింగులో చప్పుళ్ళు శుభ్రం చేసే పని ఇందులో పెట్టి చూశాను. నేను నీళ్ళు తాగి వచ్చేలోగా ఎలుగుబంటి అధ్యాయం మొత్తం కడిగి పెట్టేసింది. ఎక్కించు ఇంకోటి."

ఎక్కించాడు. నిలబడింది. ఆమె కళ్ళు మెరిశాయి. అంకె ఎక్కిన రోజున అతని మొహం ఎందుకలా ఉంటుందో ఆమెకు మొదటిసారి అర్థమైంది. గొట్టం చెవికి పెట్టుకుంది. కాస్త ఆగి, "దాదాపు లేదు," అంది.

"దాదాపు అంటే?"

"అంటే ఉంది. కానీ గోడ అవతలికి రాదు. మైకు పట్టదు."

"పడుతుంది. నేను విన్నాను, నాకు తెలుసు. ఒక మెట్టు దించుతున్నాను."

"దించొద్దు. ఆసుపత్రి పని ఉందిగా నీకు."

"ఎలుగుబంటి పని ఉందిగా నీకు."

"నేను దుప్పటి ఇంకోటి వేసుకుంటాను లోపల."

"ఉక్కపోసి చస్తావు. వద్దు."

అత్తగారు టార్చి ఆర్పేసింది. "ఒరేయ్, మీరిద్దరూ పోట్లాటలు ఇచ్చిపుచ్చుకున్నారా? నిన్న నువ్వు వేగమంటే అది చప్పుడంది. ఇవాళ అది వేగమంటే నువ్వు చప్పుడంటున్నావు. ఏదో ఒకటి తేల్చండి, నా చెయ్యి లాగుతోంది."

అతను మెట్టు దించాడు. ఆమె గొణిగింది గానీ ఆపలేదు. నెమలి ఎక్కగలిగిన అంకెకు అది కాస్త దిగువనే ఉంది. అతను ఆ అంకెనే ఖాయం చేసి, క్యాబినెట్ మూత బిగించాడు.

ఆమె ఎలుగుబంటి ఓడ ప్రయాణం మళ్ళీ చదివి పంపింది. సౌండు ఇంజనీరు ఫోన్ చేశాడు. "మేడమ్, కీచురాయిని ఎలా పట్టుకున్నారు? మా స్టూడియోలో కూడా ఒకటుంది, దొరకట్లేదు."

"మీ కంప్యూటర్లో ఏ మదర్‌బోర్డుందో చూడండి," అంది ఆమె. అటువైపు అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పేసరికి ఫోను వేడెక్కింది. తర్వాత వారం అతనే స్క్రూ బాబాయి దుకాణానికి గొట్టం పట్టుకుని వెళ్ళాడని తెలిసింది. పెదవుల మధ్య స్క్రూ పెట్టుకుని బాబాయి, వచ్చినవాళ్ళందరికీ ఇప్పుడు ముందు షట్టరు దించుతున్నాడట.

ఇంట్లో రోజులు మామూలు దారిలో పడ్డాయి. ఒకరు పని చేసుకుంటే ఇంకొకరు ఆగాల్సిన అవసరం పోయింది. ఒక మధ్యాహ్నం అతను ఆసుపత్రి పెద్ద హాలుకి వెలుతురు లెక్క పెట్టి, వేగం పైకి పోవడం చూస్తూ కూర్చున్నాడు. పక్క గదిలో అలమరా తలుపు మూసిన చప్పుడైంది. అతనికి ఫ్యాన్ల గాలి తప్ప ఏమీ వినిపించలేదు. నిజంగా నిశ్శబ్దంగా ఉందో, తన చెవులకే అలా ఉందో తెలుసుకునే మార్గం అతనికి లేదు. లేచి వెళ్ళి, పడగ్గది గుమ్మంలో నిలబడి, "ఏమైనా వినిపిస్తోందా?" అన్నాడు.

ఆమె అప్పటికే చదవడం మొదలుపెట్టింది. చెక్క తలుపు వెనక నుంచి మాటలు స్పష్టంగా రావడం లేదు. ఎలుగుబంటి ఎవరితోనో నెమ్మదిగా ఏదో చెప్పుకుంటోంది, అంతవరకే తెలుస్తోంది. అతను కాసేపు విని, చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి కూర్చున్నాడు.